పడవకు ఎడమ పక్క ఎరుపు

మా ఆయన జీవితంలోకి నాకంటే ముందే ఒక పడవ వచ్చింది. మామగారి చేతి మీదుగా వచ్చిన తెరచాప పడవ అది. నరసాపురం రేవులో అందరూ ఇంజన్లు బిగించుకున్నా ఈయన మాత్రం గాలి కోసం ఆకాశం కేసి చూస్తూ కూర్చునే రకం. ఇంజను చప్పుడుకు చేపలు బెదిరిపోతాయంటారు. చేపల సంగతి నాకు తెలియదు. ఇంట్లో మిక్సీ వేస్తే మాత్రం ఈయనే బెదిరి వీధిలోకి పోతారు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం, మసక చీకట్లో ఈయన సముద్రం వైపు నుంచి ఇంటికి వస్తుంటే ఎదురుగా ఒక ఇంజన్ బోటు దూసుకొచ్చింది. మా పడవకు చప్పుడూ లేదు, దీపమూ లేదు. ఆ బోటువాళ్లకు తెరచాప కనిపించేసరికి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉందట. తడిసిన లుంగీ పిండుకుంటూ ఈయన ఇదంతా నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. అల్లుతున్న లేసు ఒళ్లోంచి జారిపోయింది. నాకు భయమేస్తే వెంటనే కోపం వస్తుంది.

"ఆ పడవకి లైట్లన్నా పెట్టించండి, లేకపోతే కడియం ఆయనకి ఫోన్ చేసి పట్టుకుపొమ్మంటాను," అన్నాను.

కడియం ఆయనంటే అక్కడొక నర్సరీ యజమాని. ఏదో పని మీద మా ఊరొచ్చి, రేవులో మా పడవను చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని నర్సరీ గేటు ముందు పెట్టి, నిండా మట్టి పోసి, కాగితం పూల మొక్కలు వేస్తాడట. ఎంత మట్టి పడుతుందో టేపు పెట్టి కొలుచుకుని మరీ వెళ్లాడు. ఆ పూట మా ఆయనకు అన్నం సయించలేదు.

"మా నాన్న పడవని పూలకుండీ చేస్తావటే?" అన్నారు నా బెదిరింపు విని.

"చేస్తానండి. పూలకుండీని నడి గోదాట్లో ఎవరూ వచ్చి గుద్దరు."

నేను అన్నంత పనీ చేస్తానని ఆయనకు తెలుసు. మర్నాడే అటక మీది లాంతరు దించి, తుడిచి, తెరచాప కొయ్యకు కట్టారు. నేను రేవులో నిలబడి చూశాను. నది మధ్యలో ఎవరో చుట్ట కాల్చుకుంటున్నట్టుంది. అదీ గాలికి రెండుసార్లు ఆరిపోయింది.

తరవాత పాలకొల్లు వెళ్లి, ఒక ఎలక్ట్రికల్ షాపులో "బాగా దూరానికి కనపడేవి ఇవ్వండి" అన్నారట. ఆ షాపతను పందిళ్లకు కట్టే సీరియల్ లైట్లు అంటగట్టాడు. పరుగెత్తేవి, రంగులు మారేవి, ఆరి వెలిగేవి. ఈయన బ్యాటరీ పెట్టి, ఆ మూల నుంచి ఈ మూల దాకా తోరణాల్లా కట్టేశారు. ఆ సాయంత్రం మా పడవ ధగధగలాడుతూ, నిదానంగా రేవుకు వస్తుంటే, గట్టు మీది ముసలమ్మలు తెప్పోత్సవం అనుకుని లేచి దణ్ణాలు పెట్టారు. ఒకావిడ గోవిందా అని కూడా అంది. తీరా ఒడ్డుకొచ్చాక చూస్తే అందులో చిరుగుల బనియనుతో మా ఆయనా, ఒక బుట్ట చేపలూ.

"దేవుడేడయ్యా?" అని ఆవిడ నిలదీసింది.

"మొత్తానికి కనపడిందా లేదా?" అని ఈయన నన్నడిగారు. నేను తల దించుకుని ఇంటి దారి పట్టాను.

ఇక ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదని, బోటు సామాన్లు అమ్మే కొట్టుకు నేనే వెంటబెట్టుకుపోయాను. కొట్టాయన మూడు లైట్లు బల్ల మీద పెట్టాడు. ఎరుపు, పచ్చ, తెలుపు.

"ఈ ఎరుపులో ఇంకో షేడు లేదాండీ?" అని అడిగాను. పొద్దస్తమానం దారాలు ఏరుకునే దాన్ని, అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇది చీరల కొట్టు కాదమ్మా," అన్నాడాయన. "ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ, వెనకాల తెలుపు. ఎరుపు కనపడిందంటే అది మీ పడవ ఎడమ పక్కని ఎదుటోడికి అర్థమవుద్ది. దాన్ని బట్టే మీరు ఎటు పోతున్నారో తెలుసుకుంటాడు."

మా ఆయన బుద్ధిగా తలూపారు. ఆ తలూపడం చూసి మోసపోయాను.

రెండు రోజుల తరవాత అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో లేసు ముక్కలు ఇచ్చి, చీకటి పడే వేళకు పంటు మీద వస్తున్నాను. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. నది మధ్యలో ఒక ఎర్రలైటు కనిపించింది. ఎరుపంటే ఎడమ పక్క కాబట్టి ఆ పడవ సముద్రం వైపు పోతోందని లెక్క. దాని వెనకనుంచి దాటిద్దామని పంటు నడిపే ఆయన ఎగువకు తిప్పాడు. తీరా చూస్తే ఆ పడవ సముద్రం వైపు పోవడం లేదు, అదీ ఎగువకే వస్తోంది. సరాసరి మా మీదికి.

"ఏవయ్యా! పోతున్నావా, వస్తున్నావా?" అని పంటాయన అరిచాడు.

"వస్తున్నానండీ!" అని చీకట్లోంచి ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు.

మోటారు సైకిళ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. వాటన్నిటి మీదా నేను పెట్టిన కేకకే ఈయన గబుక్కున తెరచాప దించేశారు. పంటు ఆగింది. అందులో ఉన్న జనమంతా ఈయన్ని వదిలేసి నన్ను చూశారు.

ఇంటికెళ్లాక అడిగితే ఏమంటారూ! "ఏటా వల పూజకి పడవకి బొట్టు పెట్టేది కుడి పక్కనే. కుంకం రంగుని తీసుకెళ్లి ఎడమ పక్కకి తోసేస్తే అమ్మోరు ఊరుకుంటదా? అందుకని మార్చి బిగించా."

కోపం నషాళానికంటింది. కానీ ఈయన దగ్గర కోపం పనిచెయ్యదు. గోడ మీది పెళ్లి ఫొటో చూపించాను.

"నేను మీకు ఏ పక్కనున్నానండీ?"

కాసేపు చూశారు. "ఎడమ పక్క."

"నా బొట్టుకేమన్నా లోటొచ్చిందా?"

స్క్రూడ్రైవరు తీసుకుని రేవుకు పోయారు.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరారు. మా గట్టు మీద నుంచి చూస్తే దిగువకు పోయే పడవ కుడి పక్కే కనిపిస్తుంది. పచ్చలైటు చిన్నదవుతూ పోయి మాయమైంది. సాయంత్రం లేసు పట్టుకుని రేవులో కూర్చున్నాను కానీ ఒక్క పువ్వూ సరిగ్గా రాలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది. ఇంజన్ బోట్లు ఒక్కొక్కటే చప్పుడు చేసుకుంటూ వచ్చేశాయి. మా పడవ జాడ లేదు. ఈయన క్షేమంగా వస్తే చాలు, ఆ పడవను ఇవాళే మట్టితో నింపిస్తానని, భయంతో కడియం ఆయనకు ఫోన్ కలిపాను.

అటు ఫోను మోగుతుండగా, దిగువన ఎర్రచుక్క ఒకటి కనిపించింది. ఇంటికొచ్చే పడవకు ఎడమ పక్క కదా మా గట్టు వైపు ఉండేది! చప్పుడు లేకుండా, నిదానంగా, ఎర్రగా వస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"చెప్పండమ్మా, పడవ ఎప్పుడు పంపిస్తున్నారు?" అన్నాడు కడియం ఆయన.

"పంపించటం లేదండీ," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "వస్తోంది."