ఫ్రిజ్ తలుపు మీద రెండక్షరాలు

మా ఇంట్లో ఫ్రిజ్ ఉండేది హాల్లో. వచ్చినవాళ్లకు కనబడాలి కదా. పాతది మూలనపడితే ఈ మధ్యే కొత్తది కొన్నాం. దీనికి తలుపు మీద, మనిషి మొహానికి ఎదురుగా, నల్లటి అద్దం పలక ఉంది. అందులో లోపలి చల్లదనం ఎంతో చెప్పే అంకెలు రెండు వైపులా వెలుగుతుంటాయి. కింద నాలుగు మీటలు. నొక్కక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. ఇంటికొచ్చిన రోజే మా అత్త ఆ పలకకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. పక్కన పెట్టకూడదా, అద్దం మీదెందుకు అని అడిగాను.

"దీపం ఎలిగేది ఈడ. బొట్టు ఆడ పెట్టమంటావా?" అంది.

ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు నంద్యాలలో ఎవరూ లేరు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున ఆమె పూయడం, సాయంత్రం నేను సణుగుతూ తడిగుడ్డతో తుడవడం మామూలైపోయింది.

ఆ ఫ్రిజ్‌లో రెండో అరలో, ఒక ప్లాస్టిక్ డబ్బాలో, మా అత్త ఇన్సులిన్ సీసాలుంటాయి. మిగతావన్నీ వాటి తర్వాతే. పొద్దున టిఫినుకు ముందు ఒక సూది, రాత్రి అన్నానికి ముందు ఒక సూది. రెండూ నేనే వేయాలి. కొడుకు వేస్తే నొప్పి అంటుంది. ఆ కొడుకు, అంటే మా ఆయన, పొద్దున్నే బేతంచెర్లకు పోయి అక్కడ బండలు పాలిష్ పట్టించి, దీపాలు పెట్టాక తల నిండా దుమ్ముతో తిరిగొస్తాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. పదకొండేళ్లుగా మేమిద్దరమే. ఆమె మంచం మీద కూర్చుని టీవీ చూస్తుంది, నేను ఆమె పిలుపు వినబడేంత దూరంలో తిరుగుతుంటాను. అంతకంటే దూరం పోయింది చాలా తక్కువ.

నేను పెళ్లికి ముందే బి.ఎడ్. చదివాను. లెక్కలు బాగా చెబుతానని నా నమ్మకం. మే నెలలో ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడికి లెక్కల టీచరు కావాలని తెలిసి, మా ఆయనను ఒప్పించి పోయి మాట్లాడి వచ్చాను. తీసుకుంటామన్నారు. ఫలానా శనివారం వచ్చి సర్టిఫికెట్లు చూపించి సంతకం పెట్టిపొమ్మన్నారు. బస్సులో గంట ప్రయాణం. పొద్దున సూది వేసి పోవచ్చు, రాత్రి సూదికి వచ్చేయొచ్చు. ఇదంతా అత్తకు విడమరిచి చెప్పాను.

"పో. నేనేమన్నా పట్టుకున్నానా?" అని టీవీ సౌండు పెంచింది.

ఇదే నా చివరి అవకాశమని నాకు తెలుసు. నలభై దగ్గరపడిన మనిషిని, ఒక్క రోజు కూడా బళ్లో ఉద్యోగం చేయని మనిషిని, మళ్లీ ఎవరు పిలుస్తారు?

ఆ శనివారానికి ముందురోజు, శుక్రవారం పదిగంటలకు, మజ్జిగ గిన్నె తీస్తే వెచ్చగా తగిలింది. ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతూనే ఉంది. తలుపు మూసి పలక చూశాను. అంకెలు ఉండాల్సిన చోట ఇంగ్లీషులో రెండక్షరాలు, ఓ, ఎఫ్. ఎడమవైపు అవే, కుడివైపు అవే. వెనక చెవి ఆనించి విన్నాను. మోటారు చప్పుడు లేదు.

ఫ్రిజ్‌తో ఇచ్చిన పుస్తకం తీసి కూర్చున్నాను. అందులో ఒక పట్టిక ఉంది. ఈ అక్షరం పక్కన ఈ అంకె వస్తే లోపలి సెన్సారు చెడినట్టు, ఇంకో అంకె వస్తే ఫ్యాను ఆగినట్టు, మరొకటి వస్తే మంచు పేరుకున్నట్టు. అన్నీ ఉన్నాయి, నా రెండక్షరాలు తప్ప. ప్లగ్గు తీసి పావుగంట ఆగి మళ్లీ పెట్టాను. స్టెబిలైజరు మార్చి చూశాను. తలుపు రబ్బరు తుడిచాను. గోడకు మరీ ఆనుకుని ఉందేమోనని ఒక్కదాన్నే ఇవతలికి లాగాను. నడుము పట్టేసింది కానీ అక్షరాలు కదల్లేదు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, మెకానిక్ డోన్ వైపు తిరుగుతున్నాడు, గడివేముల చూసుకుని సోమవారం వస్తాడు అన్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మందుల షాపాయన్ను అడిగితే, కొత్త కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో సీసాల డబ్బా పెట్టి, పైన తడిగుడ్డ కప్పమన్నాడు. గుడ్డ ఆరకూడదు, గంటకోసారి తడపాలి అన్నాడు. పక్కింటి ఫ్రిజ్‌లో పెడదామంటే అత్త ఒప్పుకోలేదు.

"నా రోగం ఈదికెక్కించాల్నా?" అంది.

గుడ్డ నువ్వు తడుపుతావా అని అడిగాను. మోకాళ్లు చూపించింది. శనివారం పొద్దున ఇస్త్రీ చేసిన చీర కుర్చీ మీదే ఉండిపోయింది. నేను ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయింది, రాలేను అని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. అవతల మేడం, వచ్చే శనివారం రండి, అంతకు మించి ఆగలేం అంది. ఆ మూడు రోజులూ గంట గంటకూ చెంబుతో నీళ్లు తెచ్చి గుడ్డ తడిపాను. కుండ దగ్గరనుంచి వీధి గుమ్మానికి పన్నెండు అడుగులు. పనిలేక లెక్కపెట్టాను. గుమ్మం దాకా పోయి, బస్టాండు వైపు పోయే ఆటోలను చూసి, తిరిగొచ్చి గుడ్డ తడిపేదాన్ని. ఒకసారి ఆ కుండను ఎత్తి వీధిలో పగలగొట్టాలనిపించింది. చేతుల దాకా వచ్చిన కోపాన్ని మింగేశాను.

సోమవారం మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి. సంచీ కూడా విప్పకుండా రెండు మీటల మీద రెండు వేళ్లు ఆనించి నిలబడ్డాడు. కీ మని చప్పుడైంది, అక్షరాలు పోయి అంకెలొచ్చాయి, మోటారు అందుకుంది.

"ఇది రిపేరు కాదమ్మా. షోరూంలో పెట్టే మోడ్ ఇది. అంగట్లో లైటు ఎలగాల, మోటారు తిరగకూడదు, అందుకని పెట్టింటారు. ఈ రెండు మీటలు ఒక్కసారే ఐదారు సెకన్లు పట్టుకుంటే అట్లయితాది. మళ్లా పట్టుకుంటే పోతాది. ఎవురన్నా పట్టుకున్నారా?"

"ఎవురూ ముట్టుకోరన్నా" అన్నాను. నిజంగానే నాకు ఎవరూ గుర్తు రాలేదు. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

మందు మళ్లీ చల్లబడింది కానీ నా మనసు కుదుటపడలేదు. దానంతటది ఆగిపోయే ఫ్రిజ్‌ను నమ్మి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లో లేకుండా ఎలా పోవడం? నేను ఆళ్లగడ్డలో పాఠం చెబుతుంటే ఇక్కడ సీసాలు ఉడికిపోతే, రాత్రి నేను వేసే సూదిలో పనిచేయని మందు ఉంటే? ఆ వారమంతా పలకకు కాపలా కాశాను. గోడ మీద బల్లి కనబడితే అదే పాకిందేమోనని అనుమానించాను. మా ఆయన చొక్కా తగిలించేటప్పుడు భుజం ఆనిస్తాడేమోనని చూశాను. వారమంతా ఏమీ కాలేదు. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి.

మళ్లీ శుక్రవారం వచ్చింది. మర్నాడే ఆళ్లగడ్డకు పోవాలి. పొద్దున మిద్దె మీద బట్టలారేస్తూ, క్లిప్పుల బుట్ట మరిచిపోయి కిందికొచ్చాను. హాల్లో మా అత్త ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. పసుపు ముద్ద అంటిన మూడు వేళ్లు పలక మీద అడ్డంగా, మీటల మీద ఆనించి అలాగే పట్టుకుంది. ఇదివరకు పసుపు పూసి, బొట్టు పెట్టి, వెంటనే పక్కకు జరిగేది. ఇప్పుడు కదలడం లేదు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉండగానే కీ మని వినబడింది. అంకెలు పోయి అవే రెండక్షరాలు వచ్చాయి. వెనక మోటారు చప్పుడు ఆగింది.

"ఏం మొక్కుకుంటాండావ్ అత్తా?" అన్నాను.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు, అవసరమూ పడలేదు.

"నువ్వు ఆళ్లగడ్డకు పోగూడదని. పోయిన వారం అమ్మవారికి మొక్కితే ఆ యమ్మ ఇనె. ఇది ఆగిపాయ, నువ్వూ ఆగిపోతివి."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినదంతా అనేశాను. ఆ యమ్మ కాదు, నీ వేళ్లు అన్నాను. నన్ను మూడు రోజులు కుండ దగ్గర కట్టేసింది నీ వేళ్లే అన్నాను. నీ మందు నువ్వే పాడుచేసుకుంటున్నావు అన్నాను. ఆమె తన పసుపు వేళ్లను చూసుకుంది.

"రెండేండ్ల కింద బాత్రూంలో పడిపోతి కదా, సుగరు దిగిపోయి" అంది. "నువ్వే కదా నోట్లో బెల్లం పెట్టింది. నువ్వు ఆడ ఉంటే ఈడ ఎవురు పెడతారు? నాకు బయమైతాది అమ్మీ."

పదకొండేళ్లలో ఆమె భయమని నాతో అనడం అదే మొదటిసారి. మొండితనంతో నన్ను కట్టిపడేసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కోపం పోలేదు. దానితోపాటు జాలి కూడా వచ్చింది.

ఆ మీటలు నేనే పట్టుకోవచ్చు. ఐదారు సెకన్ల పని. కానీ ఇకమీదట పగలు ఈ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. చెయ్యి పట్టుకుని పలక దగ్గరికి తీసుకొచ్చాను.

"ఈడ ఒక ఏలు, ఈడ ఒక ఏలు. కదలకుండా పట్టుకో."

"పట్టుకుంటే?"

"లోపల మళ్లా సల్లబడతాది."

"సల్లబడితే నువ్వు పోతావు."

"పోతా అత్తా."

నా చెయ్యి తీసేశాను. ఆమె వేళ్లు రెండు మీటల మీద ఉన్నాయి. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు. వేలు కాస్త ఎత్తితే చాలు, మోటారు తిరగదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. మూడు. నా మొహంలోకి చూసింది. నాలుగు. ఆమె వేళ్లు తీయలేదు. కీ మంది. అంకెలొచ్చాయి. మోటారు తిరగడం మొదలైంది.

"పొద్దున పోయేటప్పుడు బెల్లం నా మంచం కాడ పెట్టి పో" అంది.