నిమ్మకాయ మీద నా ఉపన్యాసం

దోహాలో నేల మీదకంటే ఆకాశంలోనే ఎక్కువ ఇనుము కనిపించిన కాలమది. ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా క్రేన్లు మొలిచాయి. వాటి కింద సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తూ నేను అల్ ముంతజాలో ఒక గదిలో ఉండేవాణ్ణి. వయసు ఇరవై ఆరు. గుంటూరు కాలేజీలో హేతువాద చర్చల్లో వరసగా మూడేళ్లు గెలిచి వచ్చినవాణ్ణి కనుక (అవతలివాళ్లు విసుగెత్తి లేచిపోయేవారని తర్వాత తెలిసింది) నాకు తెలియని విషయం లోకంలో లేదని గట్టి నమ్మకం. నాకున్న ఏకైక మూఢనమ్మకం అదే.

ఆ సైటులో నన్ను ఓడించినవాడు ఒక్కడే, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రి అన్న. కొత్త యంత్రం ఏది దిగినా దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాడు. నేను విప్పించేవాణ్ణి. మర్నాటికి మళ్లీ ఉండేవి. ఎంత వాదించినా "సరే సారు" అనేవాడు. అంతకంటే దుర్మార్గమైన వాదన నేనెక్కడా వినలేదు.

ఒక స్లాబు గడువుకు ముందే పూర్తయిందన్న సంతోషంలో మేనేజరు మా ఇద్దరితో కలిపి ఆరుగురికి చేపల వేట పడవ మాట్లాడాడు. అల్ ఖోర్ రేవులో తెల్లవారి ఎక్కితే మధ్యాహ్నానికి తిరిగొస్తాం. గాలాలు, ఎర, చేపలుండే చోటు తెలిసిన నాఖుదా (పడవ నడిపే పెద్ద), అన్నీ వాళ్లవే. మేస్త్రి అన్నకు మాత్రం ఇది విహారం కాదు. వచ్చే వారం సెలవు మీద ఊరికి వెళ్తున్నాడు. "దుబాయిల ఇసుక గాక ఏముంటది బావా, చేపలేడివి" అని బామ్మర్ది ఫోనులో నవ్వాడట. ఉండేది ఖతర్‌లో అని చెప్పే ఓపిక ఆయనకు ఎప్పుడో పోయింది. తన చేత్తో పట్టిన చేపతో ఫోటో దిగి బామ్మర్ది ముందు పెట్టాలన్న పట్టుదల మాత్రం మిగిలింది.

పడవ రేవు దాటగానే ఆయన జేబులోంచి నిమ్మకాయ తీశాడు. నాలోని సంస్కర్త లేచి నిలబడ్డాడు. సముద్రానికి దిష్టి తగలదనీ, చేపలకు శకునాలు తెలియవనీ, ఎడమ చెయ్యి నడుముకు ఆనించి, కుడి చెయ్యి ఆడిస్తూ ఐదు నిమిషాలు మాట్లాడి, ఆ కాయ లాక్కుని నీళ్లలోకి విసిరేశాను. తెలుగు ముక్క రాని బెంగాలీ నాఖుదా సైతం కళ్లార్పకుండా చూశాడు. నా వాగ్ధాటి మహిమ అనుకున్నాను.

కాసేపటికి పడవ ఊగింది. నా కడుపు అంతకంటే ఎక్కువ ఊగింది. అంచు పట్టుకుని వేలాడుతుంటే మేస్త్రి అన్న వీపు నిమురుతూ మెల్లగా అన్నాడు: "గా నిమ్మకాయ గిందుకే తెచ్చిన సారు. పోయినసారి పడవెక్కితే నాగ్గూడ గిట్లనే అయింది. వాసన సూస్తె తగ్గుతది."

"ముందే చెప్పొచ్చుగా అన్నా?"

"మీరు మాట్లాడుతుండ్రి గద."

రెండు గంటలైనా ఒక్క గాలమూ కదల్లేదు. వెనక్కి తిప్పమంటారా అని నాఖుదా అడిగాడు. మేస్త్రి అన్న తన ఖాళీ గాలాన్ని చూశాడు, నన్ను చూశాడు. "తిప్పుమను. చేపదేముంది, సారు పానం ముఖ్యం" అన్నాడు. నేను తల పైకెత్తకుండానే వద్దని చెయ్యి ఊపాను (నోరు తెరిచే స్థితి కాదు). జీవితంలో నేను మాట లేకుండా గెలిచిన వాదన అదొక్కటే.

పావుగంటలో ఆయన గాలం వంగింది. మచ్చల హమ్మూర్ చేప, చంకలో పసిపిల్లంత. తర్వాత అందరి గాలాలకూ పడ్డాయి. బామ్మర్ది నోరు మూయించిన ఆ ఫోటోలో, చేప తోక వెనక పడవ అంచున ఆరేసిన తడిగుడ్డలా కనిపించేది నేనే.

ఏడాది తర్వాత వేరే స్నేహితులతో అదే పడవ ఎక్కాను. రేవు దాటగానే నాఖుదా డబ్బాలోంచి నిమ్మకాయ తీశాడు. ఎడమ చెయ్యి నడుముకు ఆనించి, కుడి చెయ్యి ఆడిస్తూ, ఏదో గంభీరంగా గొణిగి సముద్రంలోకి విసిరాడు. ఎందుకని అడిగాను. "నింబూ మాఫీ, మచ్లీ మాఫీ" అన్నాడు. గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే లేదని. నిమ్మకాయ లేనిదే చేప లేదట. ఒక పెద్ద పూజారి స్వయంగా నేర్పాడట. నన్ను గుర్తుపట్టలేదు (ఆ రోజు నా ముఖం కంటే వీపే ఎక్కువ చూశాడు పాపం). చర్చకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. నేను జేబులోని నిమ్మకాయ తీసి వాసన చూసుకుంటూ "సరే భాయ్" అన్నాను.

ఆ తర్వాత మూఢాచారాల మీద చాలా వ్యాసాలే రాశాను. అవి చదివి ఆచారం మానినవాళ్లు ఎందరో నాకు తెలియదు. నా ఉపన్యాసం విని ఆచారం మొదలుపెట్టినవాడు మాత్రం అల్ ఖోర్ రేవులో ఒకడున్నాడు.