సీడీ డ్రైవుకు బొట్టు

మా ఇల్లు గుంటూరులో మిరపకాయల లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది. ఇంట్లో ఏది చెడిపోయినా నేను ముందు కారాన్నే తిడతాను. ఫ్యాను ఆగినా కారం దుమ్మే, గడియారం ఆగినా కారం దుమ్మే. ముందుగదిలోని పాత కంప్యూటర్ సీడీ డ్రైవు తెరుచుకోనని మొండికేసినప్పుడు కూడా నాకు వేరే ఆలోచన రాలేదు.

ఆ డ్రైవులో మా అమ్మకు కావలసిన సీడీ ఇరుక్కుపోయింది. నా పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు మా పెద్దమ్మ పాడిన పాట అందులో ఉంది. మొదట టేపు మీద ఉండేది. తరువాత మా ఆయన దాన్ని సీడీలోకి ఎక్కించారు. ఇంకో కాపీ తీయాలని అనుకుంటూనే ఏళ్లు గడిపేశాం. ఈలోగా టేపు బూజు పట్టి పోయింది. పెద్దమ్మ కిందటేడు దర్శిలో కన్నుమూసింది. ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి, ఆదివారం నలుగు. ఆ పాట తెలిసినవాళ్లలో మిగిలింది మా అమ్మ ఒక్కతే.

"మూడో చరణం గుర్తుకు రావడం లేదే," అంది అమ్మ దిగులుగా. "అక్క అందుకుంటే వెనకాల పాడేదాన్నే గానీ, నాకెక్కడ వచ్చు?"

"రెండు చరణాలు చాల్లేమ్మా."

"అదేం మాటే? పిల్లని దీవించేది మూడో చరణంలోనేగా! దీవెన లేకుండా నలుగు పెట్టి లేపేస్తారా ఎవరైనా?"

రిపేరు షాపుకు ఫోన్ చేస్తే, "సీడీ డ్రైవా మేడం? ఇంకా వాడుతున్నారా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కొంగు నడుముకు దోపి, స్క్రూడ్రైవర్ తీసుకుని నేనే కూర్చున్నాను.

ప్లగ్గు పీకి పెట్టె పక్క రేకు విప్పగానే ఇద్దరం పోటీలు పడి తుమ్మాం. లోపల ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. "చూశావా, కారమే!" అన్నాను గెలిచినట్టు. పెయింటు బ్రష్షుతో అంతా దులిపి, తీగలు సరిచూసి, మళ్లీ కరెంటు పెట్టి డ్రైవు బటన్ నొక్కాను. అది గుర్రుమంది, తలుపు కాస్త వణికింది, ఆగిపోయింది. నాలుగుసార్లు నొక్కినా అంతే. అంటే మోటారు బాగానే ఉంది, తలుపునే ఏదో పట్టుకుని ఆపుతోంది.

ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. "తలుపు కింద సన్నటి రంధ్రం ఉంటుంది. కరెంటు తీసేసి అందులో పిన్ను పెట్టి నెట్టు, అదే వస్తుంది," అన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. రంధ్రం లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి పెచ్చు కట్టి ఉంది.

"ఇక్కడ కూడా కారమే, ఖర్మ!" అంటూ గోటితో గీకి వాసన చూశాను. ఘాటు లేదు. మంచి గంధం వాసన వచ్చింది.

అమ్మ వైపు తిరిగాను. అమ్మ కిటికీలోంచి లారీలు చూస్తోంది.

ప్రతి దసరాకీ మా అమ్మ కుట్టుమిషనుకూ గ్రైండరుకూ ఫ్రిజ్జుకూ పెట్టినట్టే కంప్యూటరుకూ బొట్టు పెడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎక్కడ పెడుతోందో మాత్రం ఎన్నడూ చూడలేదు.

"అక్కడ చిన్న గుంట ఉంటే బొట్టు కోసమే చేశారనుకున్నా," అంది. "రాలిపోకూడదని గంధం కాస్త గట్టిగా అద్ది మరీ పెట్టా."

ఏటేటా పెట్టిన గంధం, పసుపు, కుంకుమ పొర మీద పొర ఎండి, తలుపును అంచుకు అతికించేశాయి. కోప్పడదామనే నోరు తెరిచాను గానీ నవ్వు ఆగలేదు. అమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పాపం, ఊరి కారాన్ని అన్యాయంగా తిట్టాను.

మళ్లీ ప్లగ్గు పీకి, పాత మంగళగిరి చీర ముక్కను తడిపి, గట్టిగా పిండి, ఆ పెచ్చును మెల్లగా తుడిచాను. రంధ్రం బయటపడింది. అమ్మ తన గాజుకు తగిలించుకున్న పెద్ద పిన్నీసు తీసి ఇచ్చింది. దాన్ని సాగదీసి లోపలికి నెడితే ట్రే గోరంత బయటికొచ్చింది. పట్టుకుని లాగితే సీడీ క్షేమంగా ఉంది. సీడీని చదివే చిన్న అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచి, సీడీ మళ్లీ పెట్టి, కరెంటు ఇచ్చి, ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

పెద్దమ్మ గొంతు వచ్చింది. ఎంత గట్టి గొంతో! రెండు చరణాలు గడగడా పాడేసింది. మూడోది మొదలుపెట్టబోయి ఆగిపోయింది. గాజుల చప్పుడు, ఎవరిదో దగ్గు. అప్పుడు వెనక నుంచి సన్నగా, భయం భయంగా ఒక గొంతు "పచ్చగా బతకవే" అని అందించింది. పెద్దమ్మ వెంటనే అందుకుని చివరిదాకా పాడింది.

"ఎవరే అది?" అంది అమ్మ.

"నువ్వేనమ్మా."

అమ్మ నమ్మలేదు. మళ్లీ పెట్టించుకుంది. "అక్కకు కూడా రాదన్నమాట," అంది. "నేనే అందించానా? అక్క ఒక్కసారైనా చెప్పలేదే నాతో!" నాకు అమ్మ మీద పట్టరానంత ప్రేమ కలిగింది.

ఆదివారందాకా అమ్మ ఆ పాట వింటూనే ఉంది. ఆమెతోపాటు నేనూ విన్నాను.

నలుగునాడు మా అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టారు. అమ్మ సున్నిపిండి గిన్నె పట్టుకుని గొంతెత్తి పాడింది. రెండు చరణాలు చక్కగా వచ్చాయి. మూడో చరణం దగ్గర పెద్దమ్మ లాగే ఆగిపోయింది. వెనక కూర్చున్న నేను, పాడటం రాని నేను, "పచ్చగా బతకవే" అన్నాను సన్నగా.

అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. అందుకుని చివరిదాకా పాడింది.