తల్లిదండ్రులు లేరని రాసిన ఫ్లెక్సీ

జూలై, మొదటి ఆదివారం, సాయంత్రం. కడప. ఉన్నవాళ్లు: ఇంటి యజమానురాలు, ఆమె భర్త, మేడమీద గదిలో అద్దెకు దిగిన అమ్మాయి, పొద్దున నాతో నడకకు వచ్చే మిత్రుడు (రిటైరైన బ్యాంకు మేనేజరు), నేను.

ఆనాటి డైరీలో ఇంతవరకే రాసి పెన్ను పక్కన పెట్టాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మాయిది మైదుకూరు దగ్గర పల్లె. తల్లి చనిపోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని ఎటో వెళ్లిపోయాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ప్రభుత్వ వసతిగృహంలో పెరిగింది. ఆ తర్వాత అక్కడ ఉండనివ్వరు. కడపలో డిగ్రీ సీటు వచ్చింది గానీ కాలేజీ హాస్టల్లో ఖాళీ లేదు. పొద్దున కలిసి నడిచే మేం నలుగురు ముసలివాళ్లం ఫీజూ, గది అద్దే మేమే కడతామన్నాం. గది మాత్రం తనే వెతుక్కుంది.

మా వైపు పుట్టినరోజైనా, పదవి వచ్చినా ఫ్లెక్సీ కట్టాల్సిందే. మా మిత్రుడూ ఒకటి కట్టించాడు, సరిగ్గా ఆమె గది ఉన్న వీధి మలుపులో, కరెంటు స్తంభానికి. చేతులు జోడించిన మా నలుగురి ముఖాలు, మూలన చిన్నగా అమ్మాయి ఫోటో, కింద ‘తల్లిదండ్రులు లేని నిరుపేద విద్యార్థినికి చేయూత’. అచ్చుకు ముందు నాకు ఫోనులో పంపాడు. తప్పులేమన్నా ఉన్నాయేమో చూసి, బాగుందన్నాను.

“నాయన ఎర్రగుంట్లలో లారీ తోలుతాండాడని చెప్పినాది సార్ ఈ పిల్ల,” ఆ సాయంత్రం మమ్మల్ని పిలిపించిన యజమానురాలు నావైపు తిరిగింది. “సిమెంటు లోడు ఎత్తుకుని పోయినాడు, వచ్చే నెల వస్తాడు అనె. ఆయప్ప వస్తే ఒక పూట అన్నం పెట్టల్లని నేననుకుంటాండా. పొద్దున కూరగాయలకు పోతే స్తంభం మీద ఈ రాత!”

అమ్మాయి గోడకు ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. “ముందు చూసిన ఇండ్లల్లో నిజమే చెప్పినానత్తా. ఎవురూ గది ఇయ్యలేదు.”

“మంచికే కట్టించినామమ్మా,” అన్నాడు మిత్రుడు. “చూసి ఇంకొకరు సాయానికి వస్తారని.”

“పిల్ల మొగం గోలీకాయంత, మీ మొగాలు గుమ్మడికాయలంత! ఏమన్నా, ఓట్లకు నిలబడతాండావా?” అంది యజమానురాలు.

ఆమె భర్త నవ్వబోయి ఆపుకున్నాడు. “పోనీలే, ఉండనీ,” అన్నాడు మెల్లగా.

“నువ్వూరుకో. రేపు ఏదన్నా అయితే ఎవురిని అడగల్ల?”

“నన్నడుగు తల్లీ,” అన్నాను.

“నువ్వెన్నాళ్లుంటావు సార్?”

అన్నాక ఆమే నొచ్చుకుంది. అమ్మాయిని ఉండనివ్వాలో వద్దో ఆలోచించుకుని రేపు చెప్తానంది. అమ్మాయి మెట్లెక్కి వెళ్లిపోయింది.

మలుపులో మిత్రుడు ఫ్లెక్సీ తాళ్లు విప్పబోయాడు. ముడులు రాలేదు. పక్కన టీకొట్టు ఆయన కత్తి ఇచ్చి, “ఏమప్పా, కొత్తదే గదా, ఏంటికి కోస్తాండారు?” అన్నాడు. మిత్రుడు తాళ్లు కోసి, దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు.

తెల్లారి యజమానురాలు ఫోన్ చేసింది. “ఉండమని చెప్దామని పైకి పోతే గది ఖాళీగా ఉండాది సార్. శుబ్బరంగా ఊడ్చి, తాళంచెవి కిటికీలో పెట్టి పోయినాది. నేను పొమ్మన్లేదే!”

కాలేజీకి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో అమ్మాయి సంచీ, బక్కెట్టు కనిపించాయి. క్లాసులో ఉందన్నాడు. మొదటి క్లాసయ్యాక వచ్చింది.

“ఆమె ఉండమంటాంది, రా పోదాం,” అన్నాను.

“వద్దు తాతా. ఆమె మంచిదే. కానీ ఇంక దినమూ నన్ను చూసి అయ్యో అంటాది. ఆడ చదవలేను.”

“మరి రేత్రికి యాడుంటావు?”

“మధ్యాన్నం పోయి చూస్తా. స్టేషను కాడ గదులుండాయంట.”

“నేనూ వస్తా.”

ఆమె నావైపు చూడకుండా తల అడ్డంగా ఊపింది. “మీరొద్దు తాతా. మీరొస్తే, నాకు ఏమవుతారని గదిచ్చేవాళ్లు అడుగుతారు.”

గంట కొట్టారు. లోపలికి వెళ్లింది. బక్కెట్టు దారికి అడ్డంగా ఉందని వాచ్‌మన్ దాన్ని గోడవారకు జరిపాడు.