నేను మెరుగు పెట్టి పాడుచేసిన రూపాయి

2016 వేసవిలో దాలమ్మ, నాకు తెలిసి మొదటిసారి, మా షాపు మెట్టెక్కింది. కాశీబుగ్గ బజారులో మాది చిన్న వెండి షాపు. పట్టీలు, మొలతాళ్లు, కుంకుమ భరిణెలు అమ్ముతాం, పాత వెండి కొంటాం. షాపు తాత పెట్టాడు, నాన్న నిలబెట్టాడు, నేను ఫ్యాన్లు వేయించాను. పాత వెండి వస్తే ముందు టచ్ చూస్తాం, అంటే అందులో అసలు వెండి ఎంతుందో తేల్చుకుంటాం. తర్వాత అదంతా మెల్టింగ్‌కి పోతుంది. మూసలో పడ్డాక అమ్మమ్మ కడియమైనా మనవరాలి పట్టీ అయినా ఒకటే ముద్ద.

ఆ రోజు మెల్టింగ్‌కి పక్కన పెట్టిన పళ్లెంలో ఏడెనిమిది పాత వెండి రూపాయలు ఉన్నాయి. బ్రిటిష్ రాజుల కాలంవి, బాగా అరిగినవి. అలాంటివి నెలకి నాలుగైదు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. నిగనిగలాడే నాణేలైతే విశాఖ నుంచి సేకరించేవాళ్లు వచ్చి ఎగరేసుకుపోతారు. అరిగినవాటిని ఎవరూ అడగరు. దాలమ్మ మనవరాలికి మొలతాడు కొనడానికి వచ్చింది కానీ దాని సంగతి మరిచిపోయి పళ్లెం మీదికి వంగింది.

"ఏటి సావుకారూ, ఇవన్నీ కరిగించీడానికేనా?"

"మరేం చేస్తామమ్మా? అరిగిపోయాయి కదా."

"అరిగితే ఏటి? మొకం ఉంది కదా," అంది కాస్త కోపంగానే.

అడక్కుండానే రూపాయల్ని ఒక్కొక్కటీ తీసి, బొటనవేలితో రెండువైపులా నిమిరి, బల్ల మీద మూడు కుప్పలుగా పెట్టింది. ఆమె చెయ్యి ఎంత వేగంగా కదిలిందంటే, దొంగతనం చేస్తోందేమోనని లెక్క చూసుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

"ఇది గుండు, ఇయి బద్దలు, ఇయి ముక్కలు," అంది.

అప్పుడు అర్థమైంది. దాలమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. పొట్టు తీసిన పప్పుని గుండుగా ఉన్నది, బద్దగా విడిపోయింది, ముక్కలైంది అని విడివిడిగా ఏరడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే పని. డబ్బాల మీద నంబర్లు చూసీ చూసీ ఇంగ్లీషు అంకెలు కూడా వచ్చేశాయి. ఆమె పెట్టిన కుప్పల్ని నేను భూతద్దం పెట్టి చూశాను. ఒక్కటీ తప్పలేదు. రాజు చెవి, కనుబొమ్మ నిలిచినవి ఒకచోట, చెవి పోయి మొహం మిగిలినవి ఒకచోట, నీడలా మిగిలినవి ఇంకోచోట. ఇది తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఆ రోజు మొలతాడుతో పాటు ఒక రూపాయి కొంది. 1907ది. అప్పటి రాజుకి నెత్తిన కిరీటం లేదు, జుట్టూ లేదు. దాలమ్మ ఆయన్ని "బోడిగుండు రాజు" అనేది, తర్వాత కిరీటంతో వచ్చిన ఆయన్ని "టోపీ రాజు" అనేది. చరిత్ర పుస్తకాలు ఈ పేర్లే రాసి ఉంటే నేను పదో తరగతి మొదటిసారే గట్టెక్కేవాణ్ణి.

తర్వాత ప్రతి నెలా, కూలి అందిన వారంలో వచ్చేది. నెలకి ఒక్కటే కొనేది. రెండోది ఎంత నచ్చినా ముట్టుకునేది కాదు. బోడిగుండు రాజువీ, టోపీ రాజువీ, 1903 నుంచి 1920 దాకా ఏడాదికొక్కటి, మొత్తం పద్దెనిమిది. ఇదీ ఆమె పెట్టుకున్న హద్దు. తర్వాతి రెండేళ్లవి కూడా ఉన్నాయి, అరుదైనవి అని చెప్పాను. "నా కూలికి అందవు, ఒగ్గీ," అని నవ్వేసింది. ఆశని అంత తేలిగ్గా పక్కన పెట్టగల మనిషిని నేను మా వ్యాపారంలో చూడలేదు.

ఆమె బేరం కూడా వేరు. ఒకప్పుడు దండలో గుచ్చుకోవడానికి రూపాయి పైన రింగు అతికించేవారు. ఆ రింగు ఊడదీస్తే అంచు మీద మచ్చ మిగులుతుంది. దాన్ని మౌంట్ మార్క్ అంటారు. మచ్చ ఉన్న రూపాయికి విలువ పడిపోతుంది. దాలమ్మ వాటినే వెతికేది.

"మచ్చుంటే సౌక. దండలో ఉన్న రూపాయి బజార్లో తిరగనేదు సావుకారూ, అందికే మొకం నిలబడింది. సూడు, సెవి కూడా ఉంది!"

మూడు తరాలుగా వెండి మధ్య బతుకుతున్న మాకు ఈ ముక్క తోచలేదు. ఇంకా మంచిది దొరికితే పాతది తిరిగిచ్చి, తేడా కట్టి మార్చుకునేది. అలా 1916ది మూడుసార్లు మారింది. అన్నిటినీ పాత జీడిపప్పు డబ్బాలో, ఒక్కోదాన్నీ ఒక్కో గుడ్డముక్కలో చుట్టి దాచేది.

ఎందుకమ్మా ఇదంతా అని ఒకసారి అడిగాను. ఆమె పళ్లెం వైపు చూస్తూనే చెప్పింది.

"మా యమ్మకి పదకొండు రూపాయల దండ ఉండేది. నాన్నకి కిడ్నీ రోగం వొచ్చినపుడు మీ షాపులోనే అమ్మీసింది. మీ నాన్నే కరిగించినాడు. నాను పక్కనే ఉన్నాను. టోపీ రాజు మొకం ఆకర్ని కరిగింది సావుకారూ. మీ పని మీరు సేసినారు, తప్పేటి నేదు. కానీ ఏ ఏడాది రూపాయైనా ఒక్కటేనా నిప్పులో పడకుండా మిగలాల అనుకున్నాను."

ఆ మూస ఇప్పటికీ మా షాపు వెనకే ఉంది.

2018 నాటికి పదిహేడు చేరాయి. మిగిలింది 1911. ఆ ఏడాది రూపాయికి ఒక కథ ఉంది. టోపీ రాజు ఉత్తరీయం మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది అచ్చులో తొండం పొట్టిగా పడి, అది పందిలా కనబడిందట. జనం గోల చేస్తే మరుసటి ఏడాది అచ్చు మార్చారు. పాతవి చాలా వరకు కరిగించేశారు. అందుకే ధర ఎక్కువ. బాగా అరిగింది దొరికితే తప్ప దాలమ్మకి అందదు.

ఆ అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పూట గడవక జనం అమ్ముకోవడంతో మా షాపుకి పాత వెండి బస్తాల్లో వచ్చినట్టు వచ్చింది. ఫ్యాక్టరీలో పని లేక దాలమ్మ ఇంట్లోనే ఉంది. అయినా రెండు రోజులకోసారి వచ్చేది. "కొనను, సూత్తానంతే. నాను సూడకుండా కరిగించకు," అనేది.

ఒక మధ్యాహ్నం సంతబొమ్మాళి వైపు నుంచి ఒక రైతు తన తల్లి రూపాయల దండ తెచ్చి అమ్మాడు. రింగులు ఊడదీస్తుంటే ఒకదాని మీద 1911 కనబడింది. నల్లగా, మసిపట్టినట్టు ఉంది కానీ భూతద్దంలో ఏనుగు లీలగా ఉంది. దాలమ్మని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

ఇక్కడే నా వృత్తి నన్ను ముంచింది. వెండి నల్లగా కనిపిస్తే మా చేతులు ఊరుకోవు. కుంకుడు రసంలో వేసి ఉడికించాను. తర్వాత బఫింగ్ మెషిన్ మీద, అంటే గుడ్డచక్రం తిరుగుతూ మెరుగు పెట్టే మెషిన్ మీద, అర నిమిషం పట్టాను. అద్దంలా మెరిసింది. ఎర్ర పెట్టెలో పెట్టి, మర్నాడు ఆమె రాగానే పెళ్లికూతురు తండ్రిలా బల్ల మీద ఉంచాను.

దాలమ్మ దాని మీదున్న ఏడాది చదివింది. ముఖం వెలిగింది. తిప్పి, రాజు ఉత్తరీయం మీద బొటనవేలు పెట్టి నిమిరింది. ఆగింది. మళ్లీ నిమిరింది.

"ఏనుగేది?"

భూతద్దం అందుకున్నాను. లేదు. ఏనుగూ లేదు, పందీ లేదు.

"పొట్టు తియ్యమంటే పప్పే గీసీసినట్టుంది సావుకారూ," అంది. కళ్లనిండా నీళ్లు. డబ్బు వద్దు తీసుకోమ్మా అన్నాను. ఆ మాటతో ఇంకా పాడుచేశాను. "ఉత్తినే ఇమ్మని అడిగినానా?" అని రూపాయి అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మూడు నెలలు రాలేదు. నాకు నిజంగా బాధేసింది. తెలిసినవాళ్ల ద్వారా ఇంకో 1911 సంపాదించి ఆమె ఇంటికి పట్టుకెళ్లాను. గుమ్మంలోనే దాన్ని చేతిలోకి తీసుకుని నిమిరింది. "గుండే," అంది. వెంటనే తిరిగిచ్చేసింది.

"ఇది నా కూలితో వొచ్చింది కాదు. మరి అదో? మన ఉద్దానంలో తిరిగింది, మన ఆడదాని మెడలో ఏలాడింది. నాకదే కావాల."

"అది పాడైపోయింది కదా అప్పా!" అన్నాను. మా వైపు అక్కని పిలిచే ఆ పిలుపు అప్రయత్నంగా వచ్చింది.

"నువ్వే సెరిపినావు, నువ్వే బాగు సెయ్యి. జేబులో ఎట్టుకుని తిరుగు. రూపాయంటే తిరగాల, మనిసి సెయ్యి తగలాల."

తిరిగాను. చొక్కా జేబులో ఆ రూపాయితో నౌపడ ఉప్పుగాలిలో, బారువ తీరంలో, టెక్కలి బస్సుల్లో తిరిగాను. రోజుకి పదిసార్లు చేత్తో నిమిరేవాణ్ణి. చొక్కా ఉతికేముందు మా ఆవిడ దాన్ని తీసి బల్ల మీద పెట్టి, "మీ రాజుగారు," అని నవ్వేది. దాలమ్మకి మళ్లీ పని దొరికింది, మళ్లీ నెలనెలా రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా తనిఖీ. "ఇంకా కొత్త పెళ్లికొడుకునాగే ఉన్నాడు, తిరుగు," అనేది.

రెండున్నరేళ్లకి మెరుపు పోయి బూడిదరంగు తిరిగింది. రాజు గడ్డం మడతల్లో నలుపు నిలిచింది. ఒకరోజు దాలమ్మ దాన్ని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. నేను పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను.

"బద్ద," అంది చివరికి. "ఏనుగు ఎలాగూ రాదు. నువ్వు తిరిగినావు, సాలు తమ్ముడా."

వెండి ధర కట్టి, గుడ్డలో చుట్టి, డబ్బాలో 1910కీ 1912కీ మధ్య పెట్టింది. పద్దెనిమిదీ నిండాయి. ఆ డబ్బా ముందు నాకు చేతులు జోడించాలనిపించింది, జోడించాను కూడా.

మసి అనుకున్నది వందేళ్ల చేతులు పెట్టిన రంగని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా షాపులో ఇప్పుడు రూపాయలకి వేరే పళ్లెం ఉంది. కొలిమి వెలిగించేముందు దాలమ్మకి ఫోన్ చేస్తాను. ఆమె సేకరణ పూర్తయింది. అయినా వచ్చి చూస్తుంది, ముఖం నిలిచినవాటిని పక్కన పెట్టిస్తుంది, వాటిని నేను కరిగించను. ఫోన్ ఎత్తగానే ఏ రూపాయి వచ్చిందని మాత్రం ముందు అడగదు.

"మెషిన్ ప్లగ్గు పీకీసినావా తమ్ముడా?" అంటుంది.