ఈ నెల తప్పింది

మా దుకాణంలో కొత్త బట్టలు కుట్టం. పొడుగైనవి పొట్టి చేస్తాం, బిగుతైనవి వదులు చేస్తాం, పాడైన జిప్పులు మారుస్తాం. జిప్పుల పనంతా పక్క మిషను మీద కూర్చునే అక్కది. అందుకే వీధిలో అందరికీ ఆవిడ జిప్పక్క. నోటికి కూడా ఆవిడ జిప్పు వేసుకోగలదు. నాకది చేతకాదు.

జిప్పక్క పెళ్ళి ఆలస్యంగా చేసుకుంది. మంచాన పడ్డ నాన్నకు చివరిదాకా చాకిరీ చేసి, తల నెరుస్తున్నప్పుడు లిఫ్టులు బాగుచేసే మనిషిని చేసుకుంది. బావ మంచివాడే. పిల్లలు కావాలని ఇద్దరూ అనుకున్నారు. అనుకోవడం వాళ్ళిద్దరి పనే కదా అంటే, కాదట, వీధి వీధంతటి పనట.

"ఏమ్మా, ఏమైనా విశేషమా?"

ఇదీ వరస. మొగుడి ప్యాంటు పొట్టి చేయించడానికి వచ్చినావిడ అడుగుతుంది. బటన్ల పెట్టె దించడానికి వచ్చినవాడూ అడుగుతాడు. కడుపుకి విశేషమని పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో కనబడితే నాలుగు దులపాలని ఉంది. అది లేని ఆడదాని బతుకులో ఇక చెప్పుకోదగ్గ ముక్కే లేనట్టు.

సలహాలకైతే కొదవే లేదు. "టెన్షన్ పడకమ్మా, దానంతటదే వస్తుంది" అని హాయిగా ముగ్గుర్ని కన్నావిడ చెప్పింది. "మిషను తొక్కితే నిలవదు" అని మా దుకాణం కౌంటరావిడ చెప్పింది. ఈవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మేం రేడియో అంటాం. ఇక బావ అక్కగారు, అంటే జిప్పక్క ఆడపడుచు, "మావాడిలో ఏ లోపమూ లేదు" అని తేల్చేసింది. ఆ పరీక్ష ఏ డాక్టరు చేశాడో మాకు తెలియదు.

అసలు డాక్టరమ్మ మాత్రం సూటిగా చెప్పింది. వయసు ఆగదు, ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం, ఇదే ఆఖరు అంది. అక్క ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. వేళకి ఇంజెక్షన్ పడాలని, కస్టమర్లు బట్టలు వేసి చూసుకునే గదిలోకి వెళ్ళి, పరదా లాక్కుని, తన పొట్టలో తనే పొడుచుకునేది. బయటికొచ్చి మళ్ళీ జిప్పు పట్టుకునేది. నొప్పా అని అడిగితే, "సూది మనకి కొత్తా ఏంటే" అనేది.

ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్క ఆ గదిలోకే వెళ్ళి మాట్లాడి, ఆ తర్వాత బావకి ఫోన్ చేసింది. అంతకు ముందురోజు స్కానింగులో అండాలు ఎదగలేదట. ఈ విడతకి ఆపేద్దాం, వచ్చే నెల చూద్దాం అన్నారట. అదే మాట బావకి చెప్పింది.

"ఈ నెల తప్పిందండీ. ఇక వచ్చే నెలే."

పరదా ఇవతల రేడియో బట్టలు తగిలిస్తోంది. మొదటి ముక్క చెవిన పడింది. రెండోది ఇస్త్రీపెట్టె బుస్సుమన్న చప్పుడులో కలిసిపోయింది. నెల తప్పిందంటే మనవాళ్ళకి ఒకటే అర్థం. ఇక చూడాలి సంబడం.

అక్క బయటికి రాగానే రేడియో కావలించుకుంది. పక్క దుకాణాల వాళ్ళు వచ్చారు. ఎప్పుడూ బేరమాడే ప్యాంటావిడ కూడా వచ్చి, "నాకు ముందే తెలుసు, మొహంలో కళ వచ్చింది" అంది. నిద్రలేక నల్లబడ్డ మొహంలో ఆ మహాతల్లికి కళ కనబడిందట. అక్క ఔననలేదు, కాదనలేదు. ఒకరు దిండు తెచ్చి నడుం వెనక పెడితే ఆనుకుని కూర్చుంది. నేనూ నిజమేననుకుని, రేడియోకి ముందు చెప్పి నాకు చెప్పలేదని మొహం మాడ్చుకున్నాను.

ఇంతలో రేడియో కబురు అందుకుని ఆడపడుచు దిగింది. మా గడప ఏనాడూ తొక్కని మనిషి, స్వీటు డబ్బాతో వచ్చి, మూత తీసి, అక్క తల నిమిరింది.

"మా వంశం నిలబెట్టావమ్మాయ్. ఎన్నో నెల?"

అక్క ఆవిడ చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టింది.

"నెల కాదు వదినా, తప్పింది వైద్యం. వచ్చే నెల మళ్ళీ చేస్తారట."

ఒక్కరైనా అయ్యో అన్నారా? రేడియో మళ్ళీ బట్టలు తగిలించసాగింది. ప్యాంటావిడ తన ప్యాంటు ఎప్పుడవుతుందని అడిగింది. ఆడపడుచు, "ముందే చెప్పొచ్చుగా, పరుగెత్తుకుంటూ వచ్చాను" అని డబ్బాకి మూతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఒక్క ముక్క కూడా వదలలేదు. దిండు తెచ్చినావిడ దిండూ తీసుకుపోయింది.

వచ్చే నెల రానే వచ్చింది. అంతా సరిగ్గానే జరిగిందన్నారు. పదిహేను రోజులు ఆగి పరీక్ష చేశారు. లేదన్నారు. డాక్టరమ్మ చెప్పిన మాట ప్రకారం, ఇక చాలన్నారు.

మర్నాడు అక్క పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం అన్నాలు తింటుంటే, ఇన్నాళ్ళూ నన్ను తొలుస్తున్నది అడిగేశాను.

"ఆ రోజు రేడియో మీద పడగానే కాదని చెప్పేస్తే పోయేదిగా అక్కా. అంతమంది ముందు నవ్వులపాలయ్యేదాకా ఎందుకు ఊరుకున్నావు?"

అక్క ముద్ద గిన్నెలోనే ఉంచేసింది.

"చెబుదామనే నోరు తెరిచానే. ఇంతలో నడుం వెనక దిండు పెట్టారు." గిన్నెకి మూత పెట్టింది. "అబద్ధమని అందరికంటే నాకే తెలుసు. అయినా ఆ కాసేపూ నేను తల్లినే. అంతకుమించి నాకు దొరకదని అప్పుడు తెలియదు గానీ, తెలిసుంటే ఇంకాసేపు కూర్చునేదాన్ని."

నా గిన్నెకి నేనూ మూత పెట్టాను. లేచి, నా కుర్చీలో దిండు తీసి ఆవిడ కుర్చీలో పెట్టాను. అక్క చేతులు కడుక్కొచ్చి, దాన్ని చూసి, ఆనుకుని కూర్చుని, తర్వాతి జిప్పు అందుకుంది.