తాలు కాయ ఓటు

నేను మా ఊరి పంచాయతీలో ఏడో వార్డు మెంబర్ని. ఈ మాట గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం నాకుంది. ఎందుకంటే మా ఊళ్ళో ఎవరైనా "మెంబరు గారూ" అని కేకేస్తే పలికేది మా ఆయన. సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది కాబట్టి నామినేషన్ నాది, గోడమీద ఫొటో నాది, కాగితాల మీద సంతకం నాది. మీటింగుకు వెళ్ళి కుర్చీలో కూర్చుని టీ తాగి వచ్చేది మాత్రం ఆయన. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళు నాకది హాయిగానే ఉండేది. ఇంట్లో పనే తెమలక చస్తుంటే మళ్ళీ పంచాయతీ పనొకటి ఎవరు నెత్తికెత్తుకుంటారు?

గ్రామసభ అంటే ఓటున్న ప్రతి మనిషీ వచ్చి కూర్చుని, ఊరి సంగతి తామే తేల్చుకునే సభ అని మెంబరయ్యాక కూడా నాకు తెలియదు. మాకు తెలిసిన గ్రామసభ ఒక పుస్తకం. తీర్మానాల పుస్తకం. పంచాయతీ అటెండరు దాన్ని చంకలో పెట్టుకుని ఇంటింటికీ వచ్చి ఖాళీ పేజీలో సంతకం పెట్టమనేవాడు. దేనికయ్యా అంటే, ముందు పెట్టండమ్మా, దేనికో పైన తర్వాత రాస్తారు అనేవాడు. పై ఆఫీసుకు పంపడానికి ఫొటో కూడా కావాలి. ఒక ఏడాది పశువుల టీకాల క్యాంపుకు జనం బాగా వచ్చారని అక్కడే తీసి పంపేశారు. ఆ గ్రామసభలో వెనక వరుసలో రెండు బర్రెలు కూడా ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

అలా సాగిపోతున్న ఊరికి ఒక కొత్త సెక్రటరీ వచ్చింది. దర్శి వైపు అమ్మాయి, మొదటి ఉద్యోగం. పరీక్ష కోసం చదివిన రూల్సు పరీక్ష అవగానే మర్చిపోవాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేరు. వచ్చిన నెలకే ప్రెసిడెంటు గారు ఓపెన్ జిమ్ తీర్మానం రాయమంటే, గ్రామసభ పెట్టి జనాన్ని అడిగి రాస్తానంది.

ఓపెన్ జిమ్ అంటే ఆరుబయట ఇనప మెషిన్లు పాతి, జనం కాళ్ళూ చేతులూ ఆడించుకునే చోటు. నిండు మిర్చి టిక్కీ బస్తాని భుజానికెత్తుకుని లారీ ఎక్కించే మనుషులకు కండలు పెంచే మెషిన్లెందుకో నాకు అర్థం కాలేదు. కానీ దాని ముందు ఒక శిలాఫలకం ఉంటుంది, దాని మీద ప్రెసిడెంటు గారి పేరుంటుంది. అది మాత్రం అర్థమైంది. దానికి ఆయన చూసిన స్థలం ఊరి బయట పంచాయతీ వాళ్ళ గట్టి నేల. చుట్టూ ఉన్నదంతా నల్లరేగడి. రేగట్లో కాయ ఆరబోస్తే మట్టి అంటుతుంది, చినుకు పడితే బురదలో కలుస్తుంది. సొంత కల్లం లేని కౌలు రైతులందరికీ ఆ గట్టి నేలే మిర్చి కల్లం. మాకైతే ఇంటి వెనక సిమెంటు కల్లం ఉంది. కాబట్టి ఆ కల్లం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

నన్ను ఆలోచించేలా చేసింది పిన్ని. రక్తసంబంధం లేదు, మా వీధి చివర ఉంటుంది, పిన్నీ అని పిలవడం అలవాటు. మొగుడు పోయాక ఎకరన్నర కౌలుకు తీసుకుని ఒక్కతే మిర్చి వేస్తోంది. అంతకుముందు ఏడాది కల్లంలో చోటు దొరక్క చేలోనే ఆరబోస్తే, వాన పడి సగం కాయ తాలైపోయింది. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. దాన్ని ఏరి పక్కన పోస్తారు, ధర ఉండదు. జిమ్ము సంగతి తెలిసి పిన్ని మా ఇంటికొచ్చింది. మా ఆయన లేరని చెప్పబోయాను.

"ఆయనతో నాకేం పని? ఓటు నీకు గదా ఏశా," అంది. "కల్లం పోతే ఇక కౌలు మానుకోవాల్సిందే అమ్మాయ్. ఈ వయసులో మళ్ళీ ఒకళ్ళ చేలో కూలికి పోవాలి."

కాఫీ ఇచ్చి పంపాను. ఆ రాత్రి మా ఆయన్ని కదిపితే, మనకు సొంత కల్లం ఉందిగా, మధ్యలో నీకేంటి అన్నారు. ఆయనా ప్రెసిడెంటు గారూ చిన్నప్పుడు ఒకే బెంచీ.

గ్రామసభ స్కూలు ఆవరణలో పెట్టారు. సెక్రటరీ పిల్ల మైకులో దండోరా వేయించింది కదా, నిజంగానే జనం వచ్చారు. ఈసారి బర్రెలు లేకుండానే నిండింది. వేదిక మీద నా కుర్చీలో యథాప్రకారం మా ఆయన కూర్చున్నారు, నేను కింద ఆడవాళ్ళలో కూర్చున్నాను. నాకు లోపల ఒక బాధ కూడా ఉంది. ఓట్లేసి మమ్మల్ని గెలిపించాక, మళ్ళీ వాళ్ళనే అడిగితే మేమెందుకు? ఇన్నేళ్ళలో పంచాయతీలో నోరు తెరవని నాకు నా పదవి మీద అంత ప్రేముందని ఆ రోజే తెలిసింది.

సెక్రటరీ లేచి, కల్లం ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి అంది. ఒక్క చెయ్యి లేవలేదు. అమ్మాయి కంగారు పడి మళ్ళీ చెప్పింది. అప్పుడొక పెద్దాయన లేచి విడమరిచి చెప్పాడు. చెయ్యి అనేది ఒక పార్టీ గుర్తు, నలుగురిలో ఎత్తితే ఆ పార్టీలోకి పోయామని రేపు ఊరంతా చెప్పుకుంటారు, అదీ సంగతి. సరేనని సెక్రటరీ, జిమ్ము కావాలనేవాళ్ళు లేచి నిలబడండి అంది. వెనక ఉన్నవాళ్ళు సభ అయిపోయిందనుకుని లేచి చెప్పులు వెతుక్కున్నారు. వాళ్ళను గేటు దగ్గర ఆపి వెనక్కి తేవడానికి పావుగంట పట్టింది. కాగితం మీద రాసి వేద్దామంటే, రాత చూసి ఎవరిదో పట్టేస్తారన్నారు. అసలు రాయడం రానివాళ్ళ సంగతేంటని ఇంకొకళ్ళు అడిగారు.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. ఎందుకు లేచానో నాకు తెలియదు. కల్లం కావాలనేవాళ్ళు ఒక ఎండు మిరపకాయ, జిమ్ము కావాలనేవాళ్ళు ఒక పత్తి పింజ గోతంలో వేస్తే సరిపోతుంది గదా, రెండూ అందరి ఇళ్ళలో ఉంటాయి, గుప్పిట్లో ఏముందో ఎవరికీ కనపడదు అన్నాను. మైకు లేకపోయినా అందరికీ వినపడింది. మా ఊళ్ళో ఆడవాళ్ళ గొంతుకు మైకు అక్కర్లేదు. మా ఆయన నా వంక చూసిన చూపులో, ఇంటికి పద చెబుతా అన్నది సగం, ఇది ఇంత మాట్లాడగలదా అన్నది సగం.

ఆ తర్వాతి ఆదివారం ఓటింగు పెట్టారు. స్కూలు గదిలో కిటికీ ఊచలకు గోనె సంచి వేలాడదీసి, చెయ్యి పట్టేంత సందు ఉంచి మూతి కట్టారు. సెక్రటరీ బయట ఓటర్ల లిస్టు పెట్టుకుని పేరు పేరుకూ టిక్కు పెడుతోంది. జనం గుప్పిళ్ళు బిగించుకుని వరసలో నిలబడ్డారు. నెలనెలా రేషనుకు కూడా అంత బుద్ధిగా నిలబడరు. ఒకాయన గుప్పిట్లో పత్తి పెట్టుకొచ్చి, గదిలోకి పోయాక మనసు మారి, బయటికొచ్చి పక్కవాణ్ణి ఒక కాయ ఉంటే ఇవ్వమని అడిగాడు. రహస్యం అక్కడే బట్టబయలైంది. మధ్యాహ్నానికి సంచిలోంచి ఘాటు మొదలైంది. ఓటేసి బయటికొచ్చిన ప్రతివాడూ తుమ్ముతూ రావడంతో, తుమ్మినవాళ్ళంతా కాయ వేసినవాళ్ళే అని ప్రెసిడెంటు గారి మనుషులు లెక్కలు కట్టడం మొదలుపెట్టారు.

లెక్కపెట్టే పని నా మీద పెట్టింది సెక్రటరీ. నాకు తోడు కల్లం తరఫున ఒకావిడ, జిమ్ము తరఫున ఒకావిడ. వరండాలో పట్టా పరిచి గోతం గుమ్మరించాం. ముగ్గురం చుట్టూ కూర్చుని చీర కుచ్చెళ్ళు సర్దుకుని చేతులు పెట్టాం. పదేళ్ళ వయసు నుంచి మా ముగ్గురికీ అదే పని. చేతులు వాటంతట అవే పోయాయి. ఎర్ర కాయ ముందుకు, పత్తి పక్కకు, తాలు వెనక్కి. మధ్యలో టీవీ సీరియల్లో అత్త చేసిన పని గురించి కూడా మాట్లాడుకున్నాం. ఏరడం అయ్యాక కాయలూ పత్తీ లెక్కపెట్టాం. పత్తి ఇరవై ఒకటి ఎక్కువొచ్చింది.

ప్రెసిడెంటు గారి మనుషులు టపాకాయలు ముందే తెచ్చిపెట్టుకున్నట్టున్నారు, వెంటనే పేలాయి. కల్లం వాళ్ళు తలలు వంచుకుని ఎటువాళ్ళటు కదులుతున్నారు. పిన్ని మాత్రం వరండా మెట్లెక్కి నా దగ్గరికొచ్చింది. నా వీపు వెనకున్న కుప్పలోంచి ఒక కాయ తీసి పట్టుకుంది.

"ఇయ్యి లెక్కపెట్టలేదేం?"

"అవి తాలు పిన్నీ," అన్నాను.

"తాలే. నా ఓటు కూడా అందులోనే ఉంది."

వెనక్కి తిరిగి చూస్తే ముప్ఫై పైగా ఉంటాయి. అప్పుడు వెలిగింది. కౌలు చేసుకునే వాళ్ళకు మొదటి కోతలో వచ్చిన మంచి కాయంతా గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళిపోయింది. ఇంట్లో కూరకని మిగిలింది తాలు. ఓటేయడానికి డబ్బాలో చెయ్యి పెడితే వచ్చేదీ అదే. కల్లం ఎవరికి కావాలో సరిగ్గా వాళ్ళ ఓట్లను నా చేత్తో నేనే ఏరి పారేశాను. పైగా ఈ కాయల ఉపాయం చెప్పిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రెసిడెంటు గారు వచ్చి, అవి చెల్లని ఓట్లన్నారు. తాలును యార్డులో కూడా వేరే పోస్తారు, అది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడం కష్టం, ఎందుకంటే నేను చేసిందీ అదే.

పిన్ని ఆ కాయను ఆయన ముందుకు చాపింది.

"దీనికీ నీళ్ళు పెట్టానయ్యా. దీనికీ మందు కొట్టా. కోతకొచ్చిన మనిషి తాలు కాయ కోశానని కూలి తగ్గించుకుందా?"

సెక్రటరీ గబగబా రూల్సు పుస్తకం తిరగేసింది. అందులో తాలు కాయ ప్రస్తావన లేదు. చివరికి, లెక్క మెంబరు గారికి అప్పగించాం కాబట్టి ఆ సంగతి తేల్చాల్సింది మెంబరు గారే అంది. అలవాటు ప్రకారం ఊరంతా మా ఆయన వంక చూసింది. ప్రెసిడెంటు గారు కూడా, చెప్పు బావా అన్నారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఒక అడుగు ముందుకేసి ఆ మిర్చి పట్టా మీదకు వంగారు. అంతే, తుమ్ము అందుకుంది. ఒకటా రెండా. నోరు తెరిచినప్పుడల్లా తుమ్మే తప్ప మాట బయటికి రాలేదు. కళ్ళ నీళ్ళు కారుతూ చెయ్యి ఊపారు. ఆ ఊపుకు అర్థం అవుననో కాదనో ఆయనకే తెలియాలి. ఇప్పటికీ అడిగితే చెప్పరు.

"మెంబర్ని నేనండీ," అన్నాను. "తాలు కూడా కాయే. తప్పు నాది. మళ్ళీ లెక్కపెడతాం."

మళ్ళీ లెక్కపెట్టాం. ఈసారి సీరియల్ మాట్లాడుకోలేదు. జిమ్ము తరఫునావిడ కూడా ఒక్కొక్క తాలు కాయను రెండు వేళ్ళతో జాగ్రత్తగా తీసి వరసలో పెట్టింది. కల్లం పన్నెండు ఓట్లతో గెలిచింది. కాల్చేసిన టపాకాయలను ఏం చేయాలో ప్రెసిడెంటు గారి మనుషులకు తోచలేదు. సెక్రటరీ పిల్ల తీర్మానాల పుస్తకం తెరిచి ముందు తీర్మానం రాసి, పైకి చదివి, ఆ తర్వాత కింద సంతకాలు పెట్టించింది. మా ఊళ్ళో ఆ వరసలో జరగడం అదే మొదలు. జిమ్ము స్కూలు పక్కకు పోయింది.

రెండు వారాలకు పిన్ని రెండో కోత కాయ కల్లంలో ఆరబోసింది. ఎవరూ పిలవకపోయినా సాయానికి వెళ్ళాను. ఎండ బాగా కాసింది, కాయ గలగలలాడుతోంది. తాలు ఏరదామని కూర్చున్నాను గానీ, మొదటి తెల్ల కాయ చేతిలోకి రాగానే చెయ్యి ఆగిపోయింది. దాన్ని వెనక్కి వేయడానికి మనసు రాలేదు. అలా పట్టుకుని కూర్చున్నాను. అవతల కుప్ప దగ్గర ఏరుకుంటున్న పిన్ని నన్ను చూసింది.

"పారెయ్ అమ్మాయ్," అంది. "ఇయ్యాల ఇయ్యి ఉత్త కాయలే."